డోర్మీ అంటే ఓటమి లేదన్నారు, మరి నేనెలా ఓడిపోయాను?

ఉక్కునగరం_శ్రీను
గోల్ఫ్‌లో మ్యాచ్ ప్లే ఆడటం నాకిది రెండో ఏడాది. అందులో మొత్తం దెబ్బలు కాదు, ఎవరు ఎక్కువ హోల్స్ గెలిచారన్నదే లెక్క. మొన్న ఆదివారం మా క్లబ్ నాకౌట్ పోటీలో 16 హోల్స్ అయ్యేసరికి నేను 2 అప్, అంటే రెండు హోల్స్ ముందున్నాను. మిగిలినవి రెండే హోల్స్. మాతో నడుస్తున్న ఒక పెద్దాయన నా భుజం తట్టి "డోర్మీ బాబూ, ఇక నీకు ఓటమి లేదు" అన్నారు. ఆ మాట వినడం అదే మొదటిసారి. మనసు తేలికపడింది.

17లో అవతలి ఆయనకు హ్యాండిక్యాప్ స్ట్రోక్, అంటే ఒక దెబ్బ రాయితీ ఉంది, ఆ హోల్ పోయింది. 18లో నా రెండో షాట్ ఇసుక బంకర్‌లో పడింది, అదీ పోయింది. ఇద్దరం సమానం. 19వ హోల్ ఆడమన్నారు. అక్కడ ఇద్దరికీ 5. 20లో ఆయన పట్ (కన్నంలోకి మెల్లగా దొర్లించే దెబ్బ) పడింది, నాది కన్నం అంచు చుట్టూ తిరిగి బయటికొచ్చింది. ఇంటికొచ్చేశాను.

ఓడినందుకు అంత బాధ లేదు. డోర్మీ అంటే ఓడిపోరని చెప్పారు కదా, మరి ఇదేమిటి? ఆ మాటకు అసలు అర్థం ఏమిటి, ఎప్పుడు వాడాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

మణికొండ_మామ
ఆధిక్యం ఎన్ని హోల్సో, మిగిలినవీ అన్నే ఉంటే డోర్మీ. 2 అప్, రెండు మిగిలాయి అంటే డోర్మీ 2. 3 అప్, మూడు మిగిలాయి అంటే డోర్మీ 3. అవతలివాడు మిగిలినవన్నీ గెలిస్తేనే సమానం అవుతాడు. దాటిపోలేడు.

లెక్కలమాస్టారు
మామ చెప్పింది సరైనదే, అయితే దానికి ఒక షరతు ఉంది. శ్రీను అడిగిందీ దాని గురించే. "దాటిపోలేడు" అన్నది 18 హోల్స్ లోపల మాత్రమే నిజం. సమానంగా ముగిస్తే చెరో అర పాయింట్ ఇచ్చే పోటీల్లో డోర్మీ అంటే కనీసం అర పాయింట్ చేతికొచ్చినట్టే. నాకౌట్‌లో అర పాయింట్ ఉండదు. ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడాలి. అక్కడ సమానం అయితే లెక్క సున్నా నుంచి మొదలు. శ్రీనుకు జరిగింది అదే. ఆ పెద్దాయన వాడిన మాట తప్పు కాదు. దానికి తగిలించిన "ఓటమి లేదు" అన్న హామీ తప్పు.

పచ్చికబాట
మాస్టారూ, నాకు తెలిసిన కొందరు పాతకాలం ఆటగాళ్ళు అదనపు హోల్స్ ఉండే మ్యాచ్‌లో ఆ మాటే వాడకూడదంటారు. డోర్మీ అంటేనే "ఓడలేని స్థితి" అని వాళ్ళ లెక్క. ఓడే వీలుంటే అది డోర్మీ ఎలా అవుతుంది?

లెక్కలమాస్టారు
వాళ్ళ వాదనలో బలం ఉంది, కాదనను. కానీ 2019కి ముందున్న నియమాల పుస్తకంలో 2-1 నియమం కింద దీనికి నిర్వచనం ఉండేది. ఎన్ని హోల్స్ మిగిలాయో అన్ని హోల్స్ ఆధిక్యంలో ఉన్న పక్షం డోర్మీ, అంతవరకే. ఓడటం, ఓడకపోవడం గురించి అందులో ఒక్క ముక్క లేదు. అదనపు హోల్స్ ఉన్నాయా లేవా అని కూడా అడగలేదు. నేను ఆ నిర్వచనాన్నే పట్టుకుంటాను.

నైన్_ఐరన్
"ఉండేది" అన్నారు, ఇప్పుడు లేదా?

లెక్కలమాస్టారు
లేదు. గోల్ఫ్ నియమాలు రాసే సంస్థలు ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ కలిసి 2019లో నియమాలన్నీ సులువైన భాషలో మళ్ళీ రాశాయి. అప్పుడు డోర్మీ పోయింది. మ్యాచ్ సమానం అనడానికి వాడే "ఆల్ స్క్వేర్" బదులు "టై" వచ్చింది. హోల్ సమానంగా ముగిస్తే "హాఫ్" అయింది అనేదాన్ని కూడా "టై" అయింది అని రాశారు. పుస్తకంలోంచి పోయినా గ్రీన్ మీద మాత్రం పోలేదు. టీవీ వ్యాఖ్యాతలు ఇప్పటికీ డోర్మీ అంటూనే ఉన్నారు.

డాలస్_లక్ష్మి
మా క్లబ్‌లో ఆడవాళ్ళ లీగ్‌లో కూడా అందరం ఆల్ స్క్వేర్ అనే అంటాం. టై అంటే నాకు మెడకు కట్టుకునేదే గుర్తొస్తుంది 😄

శ్రీనూ, నాకు అర్థమైన విధంగా చెప్తాను. డోర్మీ అనగానే "ఈ పోటీలో సమానానికి విలువ ఉందా?" అని అడుగు. ఉంటే సగం నీ జేబులో పడ్డట్టే. లేకపోతే అది మంచి ఆధిక్యం, అంతకుమించి ఏమీ కాదు.

గోదారి_గాలి
గోల్ఫ్ ఆడను, చూస్తాను అంతే. ఇది టెన్నిస్‌లో మ్యాచ్ పాయింట్ లాంటిదా?

మణికొండ_మామ
అవును, అలాంటిదే.

లెక్కలమాస్టారు
కాదు మామా. మ్యాచ్ పాయింట్ దగ్గర ఉన్నవాడు ఆ తర్వాత ఓడిపోయిన సందర్భాలు కోకొల్లలు. అవతలివాడు ఆ పాయింట్ కాచుకుని, సెట్ లాక్కుని, మ్యాచ్ కూడా గెలవొచ్చు. మిగిలిన ఆటకు హద్దు లేదు అక్కడ. డోర్మీలో హద్దు ఉంది, మిగిలిన హోల్స్ లెక్కపెట్టుకోవచ్చు.

క్రికెట్ సిరీస్‌తో పోల్చండి, సరిగ్గా అతుకుతుంది. 2023 బోర్డర్-గవాస్కర్ ట్రోఫీ నాలుగు టెస్టులు. నాగపూర్, ఢిల్లీ మనం గెలిచాం. 2-0 ఆధిక్యం, మిగిలినవి రెండు. అదీ డోర్మీ 2. ఆ క్షణం నుంచి సిరీస్ ఓడిపోవడం అసాధ్యం, ట్రోఫీ అప్పటికే మన దగ్గర ఉంది కాబట్టి అది కూడా ఖాయం అయిపోయింది. ఇండోర్‌లో 9 వికెట్లతో ఓడాం. 1 ఆధిక్యం, ఒకటి మిగిలింది. ఇప్పుడూ డోర్మీనే. అహ్మదాబాద్ డ్రా అయింది, 2-1తో సిరీస్ మనది.

గోదారి_గాలి
ఇప్పుడు అర్థమైంది మాస్టారూ. ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేరు.

నైన్_ఐరన్
ఆగండాగండి. ఇండోర్ ఓడాక కూడా డోర్మీనే అన్నారు. అంటే హోల్ పోయినా డోర్మీ పోదా?

లెక్కలమాస్టారు
పోదు. చాలామంది గమనించని సంగతి ఇది. డోర్మీ 3లో ఒక హోల్ ఓడితే ఆధిక్యం 2, మిగిలినవి 2. మళ్ళీ డోర్మీ. ఇంకోటి ఓడితే 1, 1. మళ్ళీ డోర్మీ. ఒక్కసారి ఆ మెట్టు ఎక్కాక రెండే దార్లు. ఏదో ఒక హోల్ గెలిచో, సమానం చేసుకునో మ్యాచ్ గెలవడం, లేదా చివరి హోల్ దాకా వరసగా అన్నీ పోగొట్టుకుని సమానంగా ముగించడం. మధ్యలో వేరే దారి లేదు.

పచ్చికబాట
ఆ రెండో దారిలో నడిచిన మనిషి పేరు చెప్తాను, మార్క్ కాల్కవెక్కియా. 1991 రైడర్ కప్ (అమెరికా, యూరప్ జట్ల పోటీ), కియావా ఐలాండ్. ఆఖరి రోజు సింగిల్స్‌లో కాలిన్ మాంట్‌గొమరీ మీద 4 అప్, మిగిలినవి నాలుగు. డోర్మీ 4! ఒక్క హోల్ హాఫ్ చేస్తే చాలు. నాలుగూ పోయాయి.

అందులో 17వ హోల్ తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. నీటి మీదుగా కొట్టాల్సిన పార్ 3, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్. ముందు మాంట్‌గొమరీ బంతి నీళ్ళలో పడింది. ఇంకేం, అయిపోయింది అనుకుంటాం కదా? కాల్కవెక్కియా బంతి కూడా నీళ్ళలోకే వెళ్ళింది. చివరికి రెండడుగుల పట్ కూడా తప్పాడు. మాంట్‌గొమరీ డబుల్ బోగీ (పార్ కంటే రెండు దెబ్బలు ఎక్కువ) చేసి కూడా హోల్ గెలిచాడు. మ్యాచ్ సమానంగా ముగిశాక కాల్కవెక్కియా తన వల్లే కప్పు పోయిందనుకుని బీచ్‌లోకి వెళ్ళి ఊపిరాడనట్టు ఏడ్చాడు.

డాలస్_లక్ష్మి
కానీ కప్పు పోలేదు! చివరి మ్యాచ్‌లో హేల్ ఇర్విన్ మీద బెర్న్‌హార్డ్ లాంగర్ ఆరడుగుల పట్ తప్పాడు. అమెరికా 14½-13½తో గెలిచింది.

లెక్కలమాస్టారు
ఆ అంకెలు ఒకసారి పరీక్షగా చూడండి. 14½. కాల్కవెక్కియాకు వచ్చిన అర పాయింట్ అందులోనే ఉంది. అది కూడా రాకపోతే 14-14. 1989లో సమానంగా ముగిసినప్పుడు కప్పు యూరప్ దగ్గరే ఉండిపోయింది కాబట్టి, మళ్ళీ 14-14 అయితే కప్పు మళ్ళీ వాళ్ళదే. నాలుగు హోల్స్ వరసగా పోగొట్టుకున్నాడని అందరూ చెప్పుకుంటారు. మొదటి 14 హోల్స్‌లో నాలుగు ఆధిక్యం సంపాదించడం వల్లే ఆ అర పాయింట్ మిగిలిందని ఎవరూ చెప్పరు. ఆయన ఏడ్చిన ఆ అర పాయింట్ లేకపోతే అమెరికాకు కప్పు లేదు. ఈ మాట ఆయనకు ఆరోజు బీచ్‌లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఉక్కునగరం_శ్రీను
ఈ కథ నాకు తెలియదు. చదువుతుంటే నా 17, 18 హోల్స్ కళ్ళ ముందు తిరిగాయి. ఆయన ముందు నాది ఎంతలే!

కాడీ_కొడుకు
నాన్న హైదరాబాద్‌లో ముప్ఫై ఏళ్ళు కాడీగా, ఆటగాళ్ళ సంచి మోస్తూ, చేశారు. చదువుకోలేదు. ఇంగ్లీషు రాదు. కానీ డోర్మీ అన్న మాట ఆయన నోట చిన్నప్పటి నుంచీ విన్నాను. ఆ స్థితి వచ్చిందంటే ఆయన తన సార్‌తో "గట్టెక్కాం సార్, ఇంక ఇల్లు చేరడమే" అనేవారట. గట్టెక్కడం వేరు, ఇల్లు చేరడం వేరు. ఆ తేడా ఆయనకు బాగా తెలుసు.

గోదారి_గాలి
అబ్బ, ఎంత బాగుంది. ఇక డోర్మీకి తెలుగు మాట దొరికినట్టే: గట్టు. "గట్టు 2", "గట్టు 3".

మణికొండ_మామ
మాట ఎలా ఉందో అలా వాడుకుందాం నాయనా. ఎల్బీడబ్ల్యూని ఎవరైనా అనువదించారా? మా అమ్మ కూడా ఎల్బీడబ్ల్యూ అనే అంటుంది.

గోదారి_గాలి
మామా, ఎల్బీడబ్ల్యూని మూడు తరాలుగా రేడియోలో విన్నాం కాబట్టి మీ అమ్మగారికి అలవాటైంది. డోర్మీ ఎవరు విన్నారు? కొత్తగా చూసేవాళ్ళకు గట్టు అంటే చప్పున అర్థమవుతుంది. నేను మాత్రం గట్టు అనే అంటాను.

నైన్_ఐరన్
అసలు ఈ డోర్మీ ఎక్కడి మాట? ఫ్రెంచ్‌లో నిద్రపోవడాన్ని దోర్మీర్ అంటారు. ఓడిపోడు కాబట్టి ఇక నిద్రపోవచ్చని అలా వచ్చిందని ఎక్కడో చదివాను. స్కాట్లాండ్ రాణి మేరీ ఫ్రాన్స్‌లో పెరిగింది, గోల్ఫ్ ఆడేది, ఆమె నోటి నుంచే వచ్చిందట.

పచ్చికబాట
మేరీ ఫ్రాన్స్‌లో పెరిగిన మాట నిజమే. ఈ మాట ఆమెదే అనడానికి మాత్రం ఆధారం లేదు. ఆమె 16వ శతాబ్దం మనిషి, ఈ మాట అచ్చులో కనిపించేది 19వ శతాబ్దంలో. మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్ళు ఎక్కడ దాక్కుంది? నిఘంటువులు కూడా పుట్టుక తేలలేదనే రాస్తాయి. నిద్ర కథ అందంగా ఉంది, అంతే.

డాలస్_లక్ష్మి
కథ నిజమైనా కాకపోయినా, డోర్మీలో నిద్రపోతే ఏమవుతుందో శ్రీను చెప్పాడుగా 🙂

ఉక్కునగరం_శ్రీను
అక్కా, నిద్రపోలేదు, నిజం. ఆ మాట విన్నాక "ఒక్క హాఫ్ చాలు, ఒక్క హాఫ్ చాలు" అని లోపల అనుకుంటూనే ఉన్నాను. 17 టీ మీద (మొదటి దెబ్బ కొట్టే చోట) దూరం కొట్టే డ్రైవర్ కర్ర పక్కన పెట్టి, తక్కువ దూరం పోయే ఐరన్ తీశాను. 16 హోల్స్ డ్రైవర్‌తో బాగా ఆడినవాణ్ణి. చేతులు బిగుసుకుపోయాయి. డోర్మీలో ఉన్నప్పుడు ఎలా ఆడాలి? జాగ్రత్తగా ఆడాలా, ముందు ఆడినట్టే ఆడాలా?

మణికొండ_మామ
జాగ్రత్తగానే. నీకు హాఫ్ చాలు, వాడికి గెలుపు కావాలి. గ్రీన్ మధ్యలోకి కొట్టు, రెండు పట్‌లతో బయటపడు. సాహసం వాణ్ణి చెయ్యనీ.

కాడీ_కొడుకు
మామతో ఒప్పుకోను. నాన్న చెప్పేది వేరు. ముందు 16 హోల్స్ ఏ క్లబ్‌తో గెలిచావో ఆ క్లబ్ చేతిలో పెట్టుకో. కొత్త ఆట మొదలుపెట్టడానికి ఇది సమయం కాదు. జాగ్రత్త పేరుతో అలవాటు లేని షాట్ కొట్టడమే పెద్ద ప్రమాదం. శ్రీనన్న ఐరన్ తీశానన్నప్పుడే నాకు విషయం అర్థమైంది.

పచ్చికబాట
ఇద్దరూ చెప్పేది ఒకటే అనిపిస్తోంది నాకు. జెండా గ్రీన్ అంచున, నీళ్ళ పక్కన ఉంటే దాని మీదికి కొట్టకు. అంతవరకు మామ మాట. ఫెయిర్‌వే వెడల్పుగా ఉన్నప్పుడు డ్రైవర్ దాచుకోకు. అది మీ నాన్నగారి మాట.

ఇంకో సంగతి. హ్యాండిక్యాప్ మ్యాచ్‌లో స్కోర్ మాత్రమే చూస్తే చాలదు. మిగిలిన హోల్స్‌లో ఎక్కడ ఎవరికి స్ట్రోక్ వస్తుందో చూడాలి. శ్రీను డోర్మీ 2 దగ్గర 17లో అవతలి ఆయనకు స్ట్రోక్ ఉంది. అంటే హాఫ్ కావాలంటే శ్రీను అక్కడ ఆయన కంటే ఒక దెబ్బ తక్కువలో ముగించాలి. 18లో ఇద్దరూ సమానం. నేనైతే 17 పోయినా ఫర్వాలేదనుకుని, 18 మీద మనసు పెట్టేవాణ్ణి.

లెక్కలమాస్టారు
చాలా మంచి మాట. డోర్మీ 2 అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ, స్ట్రోక్‌లు ఎక్కడ పడతాయో దాన్ని బట్టి ఒక డోర్మీ 2కీ ఇంకో డోర్మీ 2కీ పోలికే ఉండదు.

నైన్_ఐరన్
డోర్మీలో ఉన్నప్పుడు అవతలివాడికి చిన్న పట్ ఇచ్చెయ్యాలా? గిమ్మీ, అంటే వెయ్యకుండానే పడినట్టు ఒప్పుకోవడం, దాని సంగతి అడుగుతున్నా.

మణికొండ_మామ
అది పడితే వాడు హోల్ గెలుస్తాడు అనుకో, అప్పుడు ఇవ్వకు. అడుగున్నరైనా సరే వెయ్యమను. అందులో మర్యాద తక్కువేమీ లేదు, ఆట అంతే.

డాలస్_లక్ష్మి
ఓడిపోతున్నవాళ్ళు ఇవ్వడం కూడా చూశాం కదా. 2023 రోమ్ రైడర్ కప్‌లో 16వ హోల్ గుర్తుందా? టామీ ఫ్లీట్‌వుడ్ టీ మీంచే గ్రీన్ ఎక్కించాడు, రికీ ఫౌలర్ బంతి నీళ్ళలోకి వెళ్ళింది. ఫౌలర్ ఫ్లీట్‌వుడ్ పట్ ఇచ్చేశాడు. దాంతో ఫ్లీట్‌వుడ్ 2 అప్, మిగిలినవి రెండు. మ్యాచ్ ఇంకా అవ్వలేదు! కానీ అర పాయింట్ ఖాయం, యూరప్‌కు కావాల్సిందీ ఆ అరే. జనం అక్కడే గెంతులేశారు. మా ఇంట్లో అందరూ "ఇంకా రెండు హోల్స్ ఉన్నాయిగా, అప్పుడే సంబరాలేంటి?" అని నన్నడిగారు. డోర్మీ అంటే ఏమిటో సోఫాలో కూర్చుని అరగంట చెప్పాల్సి వచ్చింది.

పచ్చికబాట
1999 బ్రూక్‌లైన్ రైడర్ కప్ కూడా అంతే. జస్టిన్ లెనార్డ్ ఒకప్పుడు ఓలాథాబల్ మీద నాలుగు వెనకబడి ఉన్నాడు, మిగిలినవి ఏడు. అక్కడి నుంచి సమానం చేసి, 17లో 45 అడుగుల పట్ వేశాడు. అమెరికా ఆటగాళ్ళు గ్రీన్ మీదికి పరిగెత్తారు. ఓలాథాబల్ పట్ ఇంకా వెయ్యనేలేదు. ఆ ప్రవర్తన నాకు ఈరోజుకీ నచ్చదు. ఓలాథాబల్ పట్ తప్పింది, లెనార్డ్ 1 అప్, ఒకటి మిగిలింది. డోర్మీ 1. ఆ ఖాయమైన అర పాయింట్‌తో అమెరికా 14½ దగ్గరికి చేరింది. 18వ హోల్ ఓలాథాబల్ గెలిచాడు, మ్యాచ్ సమానం అయింది, అయినా కప్పు అమెరికాదే. మామూలుగా అందరికీ 45 అడుగుల పట్ గుర్తుంటుంది. లెక్కలో కప్పు తెచ్చింది మాత్రం డోర్మీ.

మణికొండ_మామ
2025 బెత్‌పేజ్ రైడర్ కప్ తిరగబడిన కథ. అమెరికా ఆటగాడు రసెల్ హెన్లీ 1 అప్‌తో 18కి వచ్చాడు. డోర్మీ అతనిది. షేన్ లౌరీ ఆ హోల్ బర్డీతో (పార్ కంటే ఒక దెబ్బ తక్కువ) గెలిచి మ్యాచ్ సమానం చేశాడు, ఆ అర పాయింట్‌తో యూరప్ 14కి చేరి కప్పు నిలబెట్టుకుంది. డోర్మీలో ఉన్నవాడి కంటే వెనకబడినవాడి ఆనందం ఎక్కువగా చూశాను ఆరోజు.

నైన్_ఐరన్
2015 ప్రెసిడెంట్స్ కప్‌లో (అమెరికా, యూరప్ కాని మిగతా దేశాల జట్ల పోటీ) మన అనిర్బాన్ లాహిరి కూడా డోర్మీలో ఉండే పోగొట్టుకున్నాడు కదా?

పచ్చికబాట
కాదు. కొరియాలోని ఇంచియాన్‌లో ఆ మ్యాచ్ 18కి వచ్చేసరికి సమానం. ఎవరూ డోర్మీలో లేరు. క్రిస్ కర్క్ పొడుగు పట్ వేశాడు, లాహిరి చిన్న పట్ తప్పాడు. 1 అప్‌తో కర్క్ గెలిచాడు, మొత్తం 15½-14½. లాహిరిని అందరూ ఆ ఒక్క పట్‌తో గుర్తుపెట్టుకోవడం అన్యాయం.

డాలస్_లక్ష్మి
మన తెలుగువాళ్ళ అబ్బాయి సాహిత్ తీగల 2024 ప్రెసిడెంట్స్ కప్ ఆడినప్పుడు మా ఇంట్లో పండగే. మొదటి రోజు మొరికావాతో కలిసి 1 అప్‌తో గెలిచాడు. అమ్మ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "తీగల అంటే మనవాళ్ళేనా?" అని అడిగింది. అవునమ్మా, అమ్మానాన్నలది హైదరాబాదే అన్నాను. ఆ రోజు ఆవిడకు గోల్ఫ్ అర్థం కాకపోయినా చాలాసేపు చూసింది.

మాస్టారూ ఒక సందేహం. ఫలితం చూసి అందులో డోర్మీ వచ్చిందో లేదో చెప్పగలమా? 3 అండ్ 1, 3 అండ్ 2 అని రాస్తారు కదా.

లెక్కలమాస్టారు
ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను లక్ష్మిగారూ!

3 అండ్ 2 అంటే 3 ఆధిక్యంతో, రెండు హోల్స్ మిగిలి ఉండగానే మ్యాచ్ ముగిసింది. దానికి రెండు దార్లు. మొదటిది, 3 అప్, మూడు మిగిలి ఉండగా ఒకటి హాఫ్ అయింది. ఇది డోర్మీ మీదుగా వచ్చింది. రెండోది, 2 అప్, మూడు మిగిలి ఉండగా ఒకటి గెలిచాడు. ఇందులో డోర్మీ లేదు, నేరుగా దాటేశాడు. కాబట్టి తేడా 1 ఉన్న ఫలితాల్లో చెప్పలేం.

3 అండ్ 1 చూడండి. తేడా 2. దాని ముందు హోల్‌కు 2 అప్, రెండు మిగిలి ఉండి తీరాలి. అంటే డోర్మీ 2లో ఉండి, ఆ హోల్ హాఫ్ కాకుండా గెలిచాడు. 4 అండ్ 2, 5 అండ్ 3, 18లో ముగిసిన 2 అప్, ఇవన్నీ అంతే. తేడా 2 కనిపిస్తే డోర్మీ తప్పకుండా వచ్చింది. తేడా 3 అనేది ఉండదు, ఎందుకంటే మ్యాచ్ అంతకుముందే ముగిసిపోతుంది. పేపర్లో ఎవరైనా 5 అండ్ 2 అని రాస్తే అది అచ్చు తప్పే.

గోదారి_గాలి
ఇది మాత్రం అద్భుతం. నిన్న రాత్రి పాత ఫలితాలన్నీ ముందు వేసుకుని ఇదే పనిలో ఉన్నాను. ఫ్లీట్‌వుడ్ మ్యాచ్ చివరికి 3 అండ్ 1. సరిగ్గా మీరు చెప్పినట్టే, డోర్మీ 2 మీదుగా!

నైన్_ఐరన్
అన్నిటికంటే పెద్ద డోర్మీ ఏది?

లెక్కలమాస్టారు
18 హోల్స్ మ్యాచ్‌లో డోర్మీ 9. మొదటి తొమ్మిదీ వరసగా గెలవాలి. పదోది కూడా గెలిస్తే 10 అండ్ 8, అంతకుమించి పెద్ద గెలుపు లెక్కలోనే లేదు. 2006లో లా కోస్టాలో టైగర్ వుడ్స్ స్టీఫెన్ ఏమ్స్ మీద మొదటి తొమ్మిదీ గెలిచాడు. పదోది హాఫ్ అయింది. 9 అండ్ 8.

పచ్చికబాట
ఇంకో తప్పు వాడకం చెప్పాలి. వెనకబడినవాణ్ణి కూడా "వాడు డోర్మీలో ఉన్నాడు" అంటారు కొందరు. అది తప్పు. డోర్మీ ముందున్నవాడిదే. వెనకబడినవాడికి ఆ మాట వర్తించదు.

డాలస్_లక్ష్మి
మా లీగ్‌లో "డోర్మీ డౌన్" అంటుంటారు. నేను కూడా అన్నాను చాలాసార్లు. ఇకనుంచి అనను.

కాడీ_కొడుకు
నిన్న నాన్నకు ఫోన్ చేసి శ్రీనన్న సంగతి చెప్పాను. 18 తర్వాత కూడా ఆట ఉండే మ్యాచ్‌లో ఈ మాట అంటారా అని అడిగాను. కాసేపు ఆలోచించి చెప్పారు, "అనేవాళ్ళం. కానీ గట్టెక్కాం అని మాత్రం సార్‌కి చెప్పేవాణ్ణి కాదు. ఏటికి అవతల ఇంకో ఏరు ఉంటే గట్టెక్కామని ఎలా చెప్తాం?"

గోదారి_గాలి
మీ నాన్నగారిని ఇక్కడ సభ్యుడిగా చేర్పించండి తమ్ముడూ, టైపింగ్ నేను చేసిపెడతాను.

పచ్చికబాట
సరే, నేను ఒప్పుకుంటున్నాను. నాకౌట్‌లో కూడా డోర్మీ అనొచ్చు, హామీ మాత్రం ఇవ్వకూడదు. మాస్టారూ, మీరు చెప్పిందే నిలిచింది.

ఉక్కునగరం_శ్రీను
మూడు వారాలకు మళ్ళీ రాస్తున్నాను. నిన్న పక్క ఊరి క్లబ్‌తో జట్టు మ్యాచ్. ఇందులో సమానానికి అర పాయింట్ ఉంది, ముందే అడిగి తెలుసుకున్నాను. 15 హోల్స్ అయ్యేసరికి 3 అప్. డోర్మీ 3. స్కోర్ కార్డు తీసి స్ట్రోక్‌లు ఎక్కడున్నాయో చూశాను, పచ్చికబాటగారు చెప్పినట్టు. అవతలి ఆయనకు 16లో ఒకటి ఉంది, ఆ హోల్ పోయింది. టెన్షన్ పడలేదని చెప్పను, కానీ 17 టీ మీద డ్రైవరే తీశాను. బంతి ఫెయిర్‌వే మధ్యలో పడింది. ఇద్దరికీ 4. చెయ్యి కలిపాం.

2 అండ్ 1. మాస్టారూ, తేడా 1 ఉన్నా ఇందులో డోర్మీ ఉంది, రాసుకోండి.

కాడీ_కొడుకు
నాన్నకు చదివి వినిపించాను శ్రీనన్నా. "16 పోయినా డ్రైవర్ తీశాడా?" అని రెండుసార్లు అడిగారు.